పాత బ్రౌనింగ్ ఆటో-5తో కయోటీ వేట: మేకల మంద దగ్గర మూడు వారాలు

ఫిబ్రవరి రెండో వారంలో మొదలై తొమ్మిది రోజుల్లో ఐదు మేకపిల్లలు పోయాయి. రెండింటి కళేబరాలు దొరికాయి. మిగతా మూడూ ఆనవాలు లేకుండా మాయమయ్యాయి. టెక్సాస్ హిల్ కంట్రీలో మాకున్నది 140 ఎకరాల రాతినేల. నేనూ మా బావమరిదీ కలిసి అక్కడ 60 బోయర్ జాతి ఆడమేకల్ని పెంచుతున్నాం. ఏడేళ్లుగా ఈతల సమయంలో ఒకటీ అరా పిల్ల పోవడం మాకు కొత్త కాదు. ఇలా వరసపెట్టి పోవడం మాత్రం అదే మొదటిసారి.

దొంగలు కయోటీలని, అంటే తోడేలు కన్నా చిన్నవైన ఇక్కడి అడవికుక్కలని, తర్వాత తేలింది. ఆ మూడు వారాల్లో వాడిన తుపాకీ 1962లో బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ ఆటో-5, ఒకేసారి చాలా గుళ్లు పేల్చే షాట్‌గన్, గొట్టం సైజు 12 గేజ్. మొదటి రోజు అది సరిగ్గా అవసరమైన క్షణంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వెతుక్కుంటూ వెళ్తే తప్పులన్నీ నావేనని తేలింది. ఇక్కడ మేకలూ గొర్రెలూ పెట్టుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు కొంతమంది ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు దొంగ ఎవరో తేలాలి

పిల్ల పోయిందనగానే తుపాకీ తీయడం చాలామంది చేసే పొరపాటు. మేకపిల్లని చంపేవి ఒక్క కయోటీలే కాదు. ఊరకుక్కలు చంపుతాయి, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి చంపుతుంది, నల్ల రాబందులు పుట్టీపుట్టని పిల్లని పొడిచి చంపుతాయి. చలికి చచ్చిన పిల్లని కయోటీ వచ్చి తినిపోయినా చూడటానికి అంతా ఒకేలా ఉంటుంది.

రెండో కళేబరం దొరికిన పొద్దున దాన్ని ట్రక్కు వెనక తలుపు మీద పడుకోబెట్టి మెడ చర్మం ఒలిచి చూశాను. పైకి కనిపించినవి రెండు చిన్న చిల్లులే, చుట్టూ బొచ్చు కాస్త తడిసి ఉంది. చర్మం తీసేసరికి దవడ వెనక నుంచి గొంతు దాకా నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది. ప్రాణం ఉండగా కొరికితేనే చర్మం కింద అలా కములుతుంది. చచ్చాక తింటే ఆ కమిలిన గుర్తు ఉండదు. పై కోరల గుర్తుల మధ్య దూరం కొలిస్తే 1¼ అంగుళం వచ్చింది. కయోటీకి అది 1⅛ నుంచి 1⅜ అంగుళాల మధ్య ఉంటుంది. కుక్కలైతే ఒక్కచోట పట్టవు, వెనక కాళ్లు, చెవులు, తోక, ఏది అందితే అది పీకుతాయి. ఇక్కడ గొంతు తప్ప ఇంకెక్కడా పంటి గాటు లేదు, డొక్క మాత్రం చీల్చి లోపలి భాగాలు తిన్నాయి.

మా తాతది అనంతపురం జిల్లా, గొర్రెల మంద. తోడేలు పట్టిన గొర్రెను ఆయన కూడా మెడ దగ్గరే మొదట చూసేవాడు. నాకు ఆ చూపు అక్కడి నుంచే వచ్చింది.

తర్వాత కంచె వెంట నడిచాను. ఉత్తరం వైపు వాగు దాటే చోట నెట్ వైర్ కింద మట్టి తవ్వి, ఒక మనిషి తల దూరేంత సందు చేసుకున్నాయి. కింది తీగకు బూడిదరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. తడి ఇసుకలో అడుగులు రెండున్నర అంగుళాల పొడవు, కోలగా, ముందు రెండు గోళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. జతగా తిరుగుతున్నాయి. ఫిబ్రవరి వాటికి జతకట్టే కాలం. ఏప్రిల్‌కి పిల్లలు పెడతాయి. మందల మీద పడేవి ఎక్కువగా ఆ ప్రాంతాన్ని తమదిగా చేసుకున్న పెద్ద జతలేనని కాలిఫోర్నియాలో హాప్‌లాండ్ పరిశోధన కేంద్రంలో చేసిన అధ్యయనాల్లో తేలింది. అంటే దారిన పోయే ప్రతి కయోటీనీ కాలిస్తే లాభం లేదు. ఈ సందులోంచి వచ్చే జత మీదే దృష్టి పెట్టాలి.

షాట్‌గన్ ఎందుకు

మా బావమరిది అడిగింది న్యాయమైన ప్రశ్నే. "రైఫిల్ ఉంది కదా బావా, ఆ ముసలి తుపాకీతో ఏం పని?"

వాగు చుట్టూ ఉన్నది మెస్కీట్, సీడర్ పొద. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, అదే ముల్లు, అదే పట్టుదల. అక్కడ కూర్చుంటే 50 గజాలకు మించి ఏదీ కనపడదు. కనిపించినదైనా రెండు పొదల మధ్య ఒక్క క్షణం ఉండి వెళ్లిపోతుంది. పైగా తూర్పున 400 గజాల్లో పొరుగువాళ్ల ఇల్లు ఉంది. రైఫిల్ గుండు తప్పితే మైళ్లు పోతుంది. బక్‌షాట్, అంటే షాట్‌గన్ తూటాలో ఉండే పెద్ద గుళ్లు, కూడా వందల గజాలు ప్రమాదమే, అందుకే ఆ ఇంటి వైపు ఏ తుపాకీ అయినా ఎత్తకూడదని ఇద్దరం ముందే అనుకున్నాం. కాల్చేది పడమటి సున్నపురాయి గుట్ట వెనకగా ఉన్నప్పుడే.

ఈ తుపాకీ మాకు పొరుగున ఉన్న ముసలాయన ఇచ్చాడు. ఎనభై దాటాక భుజం సహకరించక, ఇంట్లో ఎవరికీ ఆసక్తి లేక, గోడకు తుప్పు పట్టడం కన్నా మీ మేకలకు పనికొస్తుందని చేతిలో పెట్టాడు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, లాయరును అడక్కుండా ఆ దారి పట్టొద్దు. నాకు గ్రీన్ కార్డు వచ్చాకే నేను తుపాకీ ముట్టుకున్నాను. టెక్సాస్‌లో కయోటీకి సీజన్ లేదు, ప్రైవేటు భూమిలో ఏడాది పొడుగునా వేటాడవచ్చు. మంద మీద పడిన కయోటీని కాల్చడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా నేను ఏటా తీసుకుంటాను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటగాళ్ల శిక్షణ కోర్సు చేయాలి, అదీ చేశాను.

ఆటో-5 గురించి తెలియనివాళ్లకు కొంచెం చెబుతాను. జాన్ బ్రౌనింగ్ దీన్ని 1890ల చివర్లో తయారుచేశాడు. బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ 1900ల మొదట్లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 1998 దాకా ఈ మోడల్ నడిచింది. జయప్రదమైన మొదటి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఇదే. వెనక భాగం మూపురంలా లేచి ఉంటుంది, అందుకే ఇక్కడివాళ్లు హంప్‌బ్యాక్ అంటారు. పేల్చగానే గొట్టమూ, దాన్ని వెనక నుంచి మూసే బోల్టూ కలిసి ఒక్కటిగా పూర్తిగా వెనక్కి వస్తాయి. బోల్టు అక్కడ ఆగుతుంది, గొట్టం ముందుకు వెళ్తుంది, ఆ మధ్యలో ఖాళీ తూటా బయటపడుతుంది, తర్వాత బోల్టు కొత్త తూటాతో ముందుకు దూకుతుంది. భుజానికి ఒక దెబ్బ కాదు, తోసినట్టూ మళ్లీ లాగినట్టూ రెండు తెలుస్తాయి.

ఈ పద్ధతి అంతా ఒక చిన్న ఉంగరం మీద ఆధారపడుతుంది. గొట్టం కింద ఉండే ముందు చెక్కపిడి తీస్తే, తూటాలు వరసగా ఉండే మ్యాగజైన్ గొట్టం చుట్టూ పెద్ద స్ప్రింగు, ఒక ఉక్కు ఉంగరం, ఒక కంచు ముక్క కనిపిస్తాయి. బలమైన తూటాలకు ఉక్కు ఉంగరం స్ప్రింగుకు పైన ఉండాలి, దాని వాలు అంచు కంచు ముక్క వైపు తిరిగి ఉండాలి. అప్పుడు అది కంచుని నొక్కి బ్రేకులా పనిచేస్తుంది. తేలిక తూటాలకు ఆ ఉంగరాన్ని స్ప్రింగు కిందకి, రిసీవరు (బోల్టు ఉండే వెనక పెట్టె) వైపు పెట్టాలి. తేలిక అమరికతో బలమైన తూటాలు పేలిస్తే గొట్టం వచ్చి వెనక్కి కొట్టుకుంటుంది, ఆ ముందు చెక్కపిడి పగులుతుంది. బలమైన అమరికతో బలహీనమైన తూటా పేలిస్తే గొట్టం సగంలోనే ఆగుతుంది.

నాకు ఈ విషయం పుస్తకంలో చదివినట్టు తెలుసు. చేతికి తెలియలేదు.

మొదటి పొద్దు

ఫిబ్రవరి మూడో శనివారం, ఉదయం 6:50. ఉత్తరపు గాలి, సున్నా డిగ్రీల చలి. వాగుకు దక్షిణాన ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాను. కుందేలు బాధతో అరిచే శబ్దం వచ్చే కాల్‌ను నోటితో ఊదాను. మూడో విడత ఊదిన నాలుగు నిమిషాలకు కయోటీ కనిపించింది, కానీ ఎదురుగా కాదు. నాకు ఎడమన, గాలి దిగువన, నా వాసన పట్టడానికి చుట్టూ తిరిగి వస్తోంది. కయోటీ ఎప్పుడూ చేసేది అదే. నేను కూర్చున్న తీరుకు అటు తిరగాలంటే మోకాళ్లు కదపాలి. కదిపాను. అది చూసింది, తిరిగింది, నేను పేల్చాను.

వెనక భాగంలో తగిలింది. తూలి, లేచి పరుగందుకుంది. రెండోసారి ట్రిగ్గరు నొక్కితే ఏమీ లేదు. కిందకు చూస్తే ఖాళీ తూటా బోల్టు నోట్లో అడ్డంగా ఇరుక్కుని సగం బయటకు తొంగిచూస్తోంది. చేతి తొడుగు వేళ్లతో దాన్ని పీకేలోగా కయోటీ సీడర్ పొదల్లో కలిసిపోయింది.

అడుగులు వేసి కొలిస్తే అది నిలబడ్డ చోటు 47 గజాలు. నెత్తురు చుక్కలు వాగు దాకా ఉన్నాయి, రాతి మీద ఆగిపోయాయి. రెండు గంటలు వెతికాం, దొరకలేదు. ఆ రోజంతా అన్నం సహించలేదు. మేకపిల్లల కోసం మొదలుపెట్టిన పని ఇంకో జంతువుని ఎక్కడో కుంటుతూ చావడానికి వదిలేసింది.

బల్ల మీద

ఆ సాయంత్రం తూటాలన్నీ తీసి, చాంబరులో (తూటా పేలే చోట) కూడా లేవని రెండుసార్లు చూసుకుని తుపాకీ విప్పాను. మొదట ఉంగరం చూశాను. స్ప్రింగు పైన, బలమైన అమరికలోనే ఉంది. ముసలాయన ఆఖరున బాతుల వేటకి వాడాడట, అందుకని అలా ఉంచాడు. తప్పు కాదు. అయితే నేను ఆ ఉదయం వాడిన తూటాలు ఏవి? భుజం నొప్పి తక్కువగా ఉంటుందని కొన్న "తగ్గించిన రీకాయిల్" (వెనక్కి తన్నడం తక్కువ) బక్‌షాట్, డబ్బా మీద ఆ మాట పెద్ద అక్షరాల్లోనే ఉంది. వారం ముందు నేను తుపాకీని పరీక్షించింది మాత్రం ముసలాయన ఇచ్చిన పాత పూర్తి బలం తూటాలతో, ఎండ కాసే మధ్యాహ్నం. పరీక్ష ఒక తూటాతో, వేట ఇంకో తూటాతో.

రెండోది మ్యాగజైన్ గొట్టం. స్ప్రింగు తీసి వేలితో రాస్తే ఏళ్లనాటి నూనె గోధుమరంగులో ముదిరి బెల్లం పాకంలా వేలికి సాగింది. తీగె పాకం దశ అది. మధ్యాహ్నం ఎండకు అది మెత్తబడి తుపాకీ గొట్టాన్ని కదలనిచ్చింది, చలిలో జిగురులా పట్టేసింది. ఆల్కహాలుతో తడిపిన గుడ్డ నాలుగు మారిస్తే గానీ అసలు ఉక్కు కనపడలేదు.

మూడోది రిసీవరు వెనక గోడకు ఉండే ఫైబర్ ముక్క. బోల్టు వచ్చి తగిలే దిండు అది. నూనె తాగి, నలిగి, అట్టముక్కలా అయిపోయింది. ఆగిపోవడానికి అది కారణం కాదు గానీ, అలాగే వాడితే రిసీవరే పగిలేది. కొత్తది తెప్పించి వేయించాను. దీని మరలు సన్నటి గాడివి, పక్కన ఇంకో చిన్న మర వాటిని కదలకుండా బిగించి ఉంటుంది. ఇంట్లో స్క్రూడ్రైవరుతో పెట్టుకుంటే గాడి చెడిపోతుంది. ఆ పని తుపాకులు బాగుచేసే మనిషికి ఇచ్చాను, భుజానికి ఆనే వెనక పిడిలోపలి స్ప్రింగు గొట్టం కూడా ఆయనే శుభ్రం చేశాడు.

ఎడమ పక్కన మ్యాగజైన్ కటాఫ్ అని ఒక చిన్న మీట ఉంటుంది. అది పడి ఉంటే మ్యాగజైన్‌లోంచి తూటా రాదు. సంచిలో పెట్టేటప్పుడు అది కదలడం రెండుసార్లు చూశాను. ఇప్పుడు కూర్చోగానే చీకట్లో బొటనవేలితో తడిమి చూసుకుంటాను. మ్యాగజైన్‌లో ఒక చెక్క పుల్ల కూడా ఉంది, వలస పక్షుల వేటలో మొత్తం మూడు తూటాలకు మించకూడదన్న నియమం కోసం పెట్టింది. కయోటీకి ఆ నియమం లేదు. అయినా తీయలేదు, రెండో తూటాకే పని కాకపోతే ఐదోది చేసేదేమీ లేదు.

కాగితం చెప్పింది

గొట్టం మీద ఒక నక్షత్రం గుర్తు ఉంది. బెల్జియం ఆటో-5ల్లో అది ఫుల్ చోక్, అంటే గుళ్లు దగ్గరగా పోయేలా గొట్టం కొస బాగా ఇరుకు చేసి ఉంటుంది. ఆ రోజుల గొట్టాలు సీసపు గుళ్ల కోసం చేసినవి, వీటిలో ఉక్కు గుళ్లు వాడొద్దని కంపెనీయే చెబుతుంది. టంగ్‌స్టన్ కలిసిన గట్టి గుళ్లూ నేను ఇందులో పెట్టను. చాంబరు 2¾ అంగుళాలది, 3 అంగుళాల తూటా ఇందులో పెట్టకూడదు.

పూర్తి బలం 2¾ అంగుళాల నంబర్ 4 బక్‌షాట్ తీసుకున్నాను. ఒక్కో తూటాలో 27 గుళ్లు. పెద్ద కాగితాల మీద 10 అంగుళాల వృత్తం గీశాను. కయోటీ ఛాతీ అంతకన్నా పెద్దది కాదు. ఒక్కో దూరానికి మూడేసి తూటాలు పేల్చి లెక్కపెట్టాం. 25 గజాల్లో వృత్తంలో 13 నుంచి 15 గుళ్లు. 35 గజాల్లో 7, 8. 45 గజాల్లో ఒకసారి 3, ఒకసారి 2, ఒకసారి నట్టనడుమ పిడికిలంత ఖాళీ. ఇంకా పెద్ద గుళ్లుండే డబుల్ ఆట్ బక్‌షాట్ కూడా చూశాను, 9 గుళ్లే కాబట్టి 35 గజాల్లోనే అతుకులబొంతలా పడింది.

ఆ 45 గజాల కాగితం చూశాక మొదటి పొద్దు సంగతి పూర్తిగా అర్థమైంది. తుపాకీ ఆగకపోయినా ఆ 47 గజాల దెబ్బ వేయకూడనిదే. ఆ రోజు నుంచి మా హద్దు 35 గజాలు. అంతకు మించి కనిపిస్తే అది ఎంత ఊరించినా చూస్తూ ఊరుకోవాలి. ఆ హద్దుకి కయోటీని తీసుకురావడం కూర్చునే చోటు చేయాల్సిన పని.

మంచు పడ్డ ఒక పొద్దున, తుపాకీని రాత్రంతా ట్రక్కులోనే ఉంచి, అవే తూటాలతో, బలమైన అమరికలో, మూడేసి చొప్పున నాలుగు విడతలు పేల్చాను. పన్నెండుకి పన్నెండూ ఎక్కడా ఇరుక్కోకుండా పేలాయి. ఖాళీలన్నీ కుడివైపు ఒకే గుంపుగా పడ్డాయి. వాటిని ఏరుతుంటే మా వాడు "ఇప్పుడు సరే బావా" అన్నాడు.

మూడోసారి కాపు

ఈలోగా ఆరో పిల్ల పోయింది. కంచె కింది సందు కావాలనే పూడ్చలేదు, అవి వచ్చే దారి తెలిసి ఉండాలని. రాత్రిపూట మాత్రం తల్లుల్ని, పిల్లల్ని ఇంటి దగ్గరి దొడ్లోకి తోలేవాళ్లం. ఈ పని మొదటి పిల్ల పోయిన రోజే చేసి ఉండాల్సింది.

ఈసారి నోటి కాల్ మానేసి జంతువుల అరుపులు వినిపించే చిన్న ఎలక్ట్రానిక్ కాలర్ పెట్టాను. కయోటీ శబ్దం వైపే చూస్తుంది, కాబట్టి శబ్దం నా దగ్గర ఉండకూడదు. కాలర్‌ని నాకు గాలి ఎగువన 25 అడుగుల దూరంలో మెస్కీట్ మొదట్లో పెట్టి, నేను దిగువ వైపుకి ముఖం పెట్టి కూర్చున్నాను. చుట్టూ తిరిగి వాసన పట్టాలంటే అది ఏ దారిన వెళ్లాలో ఆ దారి నా ముందు నుంచే పోవాలి. 35 గజాల దగ్గర తెల్లరాయి ఒకటి ఆనవాలు పెట్టుకున్నాను. రాయి అవతల ఉంటే కాల్చను.

రెండోసారి కాపు కూర్చున్నప్పుడు ఒకటి వచ్చి రాయి అవతలే 60 గజాల్లో కూర్చుని, పది నిమిషాలు చూసి వెళ్లిపోయింది. తుపాకీ ఎత్తలేదు.

మూడోసారి, మార్చి మొదటి ఆదివారం. వెలుతురు వచ్చి పావుగంట అయింది. కుందేలు శబ్దం రెండు నిమిషాలు, మౌనం ఐదు నిమిషాలు, మళ్లీ చిన్నగా. పక్షులు ఒక్కసారి ఆగాయి. నాగజెముడు దుబ్బు పక్క నుంచి తల కనిపించింది, చెవులు కాలర్ వైపు. అది నేలకు ముక్కు ఆనించినట్టు దిగువకి తిరుగుతూ రాయి ఇవతలికి వచ్చింది. వెనక సున్నపురాయి గుట్ట. ఇక గొట్టం మీద చూపు, మూపురం అంచు నుంచి కొస దాకా గీత గీసినట్టు. అది ఒక అడుగు ఎత్తి ఆగిన క్షణంలో పేల్చాను. ఉన్నచోటే కూలిపోయింది. రెండో తూటా అప్పటికే చాంబరులో ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు. కొలిస్తే 24 గజాలు.

మగది. తూకం 34 పౌండ్లు, అంటే 15 కిలోలకు కాస్త ఎక్కువ. పళ్లు అరిగి ఉన్నాయి, పై కోరల మధ్య 1¼ అంగుళం. కడుపు కోసి చూస్తే ఎలుక ఎముకలు, మెస్కీట్ కాయ గింజలు, తెల్లటి బొచ్చు, చిటికెన వేలి గోరంత లేత డెక్క ముక్క. సీసపు గుళ్లు దిగిన కళేబరాన్ని గద్దలు తినకుండా లోతుగా పూడ్చాం. అదే మధ్యాహ్నం కంచె కింది సందులో రాళ్లు నింపి, నేలమీద మరో రెండడుగుల వెడల్పున వల పరిచి బిగించాం.

ఆ తర్వాత ఐదు వారాలు ఒక్క పిల్ల పోలేదు. ఏప్రిల్‌లో ఒకటి పోయింది. కళ్లూ నాలుకా ముందు పోయాయి, మెడ చర్మం కింద కమిలిన గుర్తు లేదు. నల్ల రాబందుల పని. అవి వలస పక్షుల చట్టం రక్షణలో ఉన్నవి, తుపాకీ బీరువాలోనే ఉండిపోయింది. ఈనే మేకల్ని కప్పున్న కొట్టం కిందకి మార్చాం. మే నెలలో మందల్ని కాపాడే గ్రేట్ పైరనీస్ జాతి కుక్కపిల్లల్ని రెండింటిని తెచ్చి మేకల మధ్యే పెంచుతున్నాం.

జతలోని ఆడది ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంది. రాత్రుళ్లు ఒంటిగా ఊళ వేసేది. మా కంచె లోపలికి అడుగు రాలేదు, నేనూ దాని జోలికి పోలేదు.

మగదాన్ని ఒలిచినప్పుడు నేను మొదట వెతికింది వెనక తొడలో పాత గుండు గుర్తుని. లేదు. చర్మం ఎక్కడా మానిన గాయం లేకుండా శుభ్రంగా ఉంది. అంటే మొదటి పొద్దు 47 గజాల్లో నేను కొట్టింది వేరేది, బహుశా మా మేకల్ని ఎన్నడూ ముట్టనిది. వాగు వెంట నడిచినప్పుడల్లా ఆ నెత్తురు ఆగిపోయిన రాయి దగ్గర ఒకసారి ఆగి, పొదల్లోకి చూసి వెళ్తాను.